మర్యాదస్తుల నోళ్లు

ఫణీంద్రకు పరిశోధన మీద ఎన్నడూ ఆసక్తి లేదు. ఉన్నదల్లా ప్రిన్సిపాల్ కుర్చీ మీదే. నరసరావుపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి జువాలజీ చెబుతున్నాడు. అదే నోట్సు, అవే జోకులు. బోర్డు మీద కప్ప బొమ్మను కూడా ఏటా ఎడమ కాలి నుంచే మొదలుపెడతాడు. పీహెచ్‌డీ లేనిదే ఆ కుర్చీ రాదని యాజమాన్యం తేల్చి చెప్పాక, నలభై దాటిన వయసులో కణజీవశాస్త్ర పరిశోధకుడయ్యాడు.

అంశం గైడ్ పుల్లారావు ఇచ్చాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసే కూలీలకు దుమ్ము వల్ల నోటి లోపలి కణాలు ఎంత దెబ్బతింటున్నాయో తేల్చడం. పని కష్టమైనదేమీ కాదు. చెక్కపుల్లతో బుగ్గ లోపల గీకి, వచ్చినదాన్ని గాజు స్లైడ్ మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కణంలో కేంద్రకం ఒక్కటే గుండ్రంగా కనిపిస్తుంది. దెబ్బతిన్న కణంలో దాని పక్కన చిన్న తునక ఒకటి విడిగా పడి ఉంటుంది. ఆ తునకలను లెక్కపెట్టి, దుమ్ముతో సంబంధం లేని మామూలు మనుషుల లెక్కతో పోల్చాలి. వక్క, పొగాకు నమిలేవాళ్లను రెండు గుంపుల్లోంచీ తప్పించాలి. ఎందుకంటే అవి కూడా కణాలను పాడుచేస్తాయి.

బట్టీల దగ్గర ఫణీంద్ర ఈ నియమాన్ని పోలీసులా అమలు చేశాడు. ఒక్కొక్కరి నోరు తెరిపించి, పళ్లు చూసి మరీ అడిగాడు.

"ఖైనీ నములుతావా?"

"లేదు సార్," అంది సాబిరా అనే కూలీ.

"గుట్కా?"

"అదీ లేదు."

"అబద్ధం చెబితే మిషన్‌లో తెలిసిపోద్ది."

"పొద్దున్నించీ సున్నమే తింటన్నాం సార్. ఇంక గుట్కా ఎక్కడ పట్టుద్ది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఫణీంద్ర నవ్వలేదు. పళ్లు గారపట్టిన వాళ్లందరినీ పంపేశాడు. సాబిరా లాంటి శుభ్రమైన నోళ్లే మిగిలాయి.

మామూలు మనుషుల కోసం మాత్రం ఎండలో తిరగాలనిపించలేదు. సొంత వీధి చాలనుకున్నాడు. అన్నీ పొలాలున్న ఇళ్లు, చుట్టాల ఇళ్లు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే ఇళ్లు. అక్కడ అలవాట్ల గురించి ఎవరినీ అడగలేదు. పెద్దవాళ్లను అలా అడగడం బాగుండదు. అడగాల్సిన పని మాత్రం ఏముంది? దురలవాట్లు కూలీలకు ఉంటాయి. భోజనమయ్యాక ఆకు, వక్క, సున్నం, చిన్న పొగాకు ముక్క కలిపి దవడన పెట్టుకోవడం దురలవాటు కిందికి వస్తుందని అతనికి తట్టనే లేదు. అది మర్యాద. అతని పెద్దమ్మ వీరరాఘవమ్మ పెళ్లయిన నాటి నుంచి ఆ మర్యాదను పొద్దస్తమానం పాటిస్తోంది. అతను పుల్ల బయటికి తీయగానే, ఆమె బుగ్గలోని తాంబూలం వసారా పక్కన ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. అలవాట్లేమీ లేవని రాసుకుని అతను గీకడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఈ పక్క మంటగా ఉంటందిరా. కారం తగిలితే ప్రాణం పోతంది. అదేందో కూడా చూడు," అంది పెద్దమ్మ.

"అన్నీ తెలుస్తయిలే పెద్దమ్మా."

తెలిశాయి. ఫలితం తలకిందులుగా వచ్చింది. బట్టీ కూలీల కణాలకంటే నరసరావుపేట పెద్దమనుషుల కణాలే ఎక్కువ పాడై ఉన్నాయి. అన్నింటిలోకీ ఘోరం వీరరాఘవమ్మ స్లైడ్. తునకల సంగతి అటుంచి, కేంద్రకాలే ఉబ్బి వంకరలు తిరిగి ఉన్నాయి. అది దేనికి దారితీస్తుందో ఫణీంద్రకు తెలుసు, ఏటా పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని కూడా తెలుసు. తీసుకెళ్లలేదు. గైడ్ దగ్గరికి వెళ్లాడు.

"ఏందయ్యా ఇది? సున్నం బట్టీలో చేరితే నోటికి మంచిదని రాద్దామా?" అన్నాడు పుల్లారావు.

"మా వీధోళ్లు ఆకు వేస్తారు సార్. నేను అడగలా."

"అయితే మళ్లీ మొదట్నుంచి చెయ్."

"ఇంకా చానా టైం పడుద్ది సార్. మా ప్రిన్సిపాల్ గారు ఈ జూన్‌లో దిగిపోతున్నారు."

పుల్లారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "స్లైడ్ల మీద ఉండేది నంబర్లే గదా. మనుషుల పేర్లు ఉండవుగా."

ఆ పరిశోధనకు ఆయన చేసిన మార్గదర్శకత్వం మొత్తం ఇదే. ఫణీంద్ర నంబర్లు మార్చాడు. అంత శ్రద్ధగా చేసిన పని అతని థీసిస్‌లో మరొకటి లేదు. వీధిలోని ఆసాములు బట్టీ కూలీలయ్యారు, సాబిరా ఆసాముల ఇంటి మనిషయింది. దుమ్ముకు బలైన కూలీ కణాలంటూ వీరరాఘవమ్మ కణాలు రంగుల ఫొటోగా అచ్చయ్యాయి. అంత స్పష్టమైన బొమ్మ ఇంకోటి దొరకలేదు మరి. కూలీలకు నోటి శుభ్రత మీద అవగాహన కల్పించాలన్నది చివరి అధ్యాయంలో సిఫారసు.

వీరరాఘవమ్మ కనిపించినప్పుడల్లా అడిగేది.

"ఏం తేలిందిరా నా నోట్లో?"

"ఏం లేదు పెద్దమ్మా. కారం తగ్గించు."

చెబితే ఆమె ఆసుపత్రికి వెళ్తుంది. మా ఫణీంద్ర కనిపెట్టాడని వీధంతా చాటుతుంది. ఆ మాట యూనివర్సిటీకి చేరితే థీసిస్ కూలుతుంది. అందుకని డిగ్రీ చేతికొచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. కాలేజీ గేటుకు అభినందనల ఫ్లెక్సీ కట్టారు. కుర్చీ దక్కింది.

ఈలోగా పెద్దమ్మ నోరు బిగుసుకుపోతూ వచ్చింది. అన్నం ముద్ద పట్టని స్థితికి వచ్చాక, ప్రిన్సిపాల్ గారే తన కారులో ఆమెను గుంటూరు తీసుకెళ్లాడు. డాక్టర్ లైటు వేసి చూశాడు. దవడ ఎముకతో సహా ఆ పక్క బుగ్గ తీసేయాల్సి రావచ్చన్నాడు.

"ఇంత ముదిరేదాకా ఏం చేశారమ్మా? ఎవరికీ చూపించలేదా?"

"చూపిచ్చా గదా బాబూ," అంది ఆమె, పెదవులు కదిలీ కదలకుండా. "మావాడే చూశాడు. గీకి, మిషన్ కింద పెట్టి చూశాడు. ఏం లేదన్నాడు."

డాక్టర్ ఫణీంద్ర వైపు తిరిగాడు. "అప్పుడు కణాలు ఎలా ఉన్నాయండీ? అది తెలిస్తే జబ్బు ఎంత వేగంగా పెరుగుతుందో నాకు అంచనా దొరుకుతుంది."

"నార్మల్‌గానే ఉన్నయండి," అన్నాడు ఫణీంద్ర.

పెద్దమ్మ తల ఊపింది. "చూడు మరి. మొన్నమొన్ననే వచ్చుంటది."

డాక్టర్ కేస్ షీటులో అలాగే రాసుకున్నాడు.