మా చెలమలో గ్యాసు పడింది

చెరువు ఎండిపోయిన ఏడు, అమ్మా నేనూ చెరువు నడుమ చెలమ తవ్వాం. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మూడు రోజులు ఒండ్రు తట్టలకెత్తి పోసీ పోసీ నడుములు పడిపోయాయి. చివరికి నీళ్లు ఊరాయి. ముంతతో తోడుకుంటే పూటకు రెండు కడవలు, కమ్మటి నీళ్లు. అది కాదంటే మైలున్నర అవతల గుట్ట కింద బావికి పోవాలి.

ఆ మూడు రోజులూ మా నాయన దేశాన్ని చూసుకుంటున్నాడు. అంటే, కాఫీ హోటల్లో పేపరు చదువుతున్నాడు. గుంతకల్లు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఆ పేపర్లో, గుజరాతులో నేలలోంచి గ్యాసు వస్తోందనీ, ఇక దాంతోనే వంటలనీ రాశారట. అప్పటినుంచి ఆయనకు పిడకల పొయ్యి అంటే చిన్నతనం. ఏనాడు పొయ్యి ముందు కూర్చున్నాడని మాత్రం అడగకండి.

చెలమ తయారయ్యాక తీరిగ్గా చూడ్డానికి వచ్చాడు. చేతికట్టెతో అడుగు బురదలో పొడిచాడు. బుడబుడమని బుడగలొచ్చాయి. ఇంకొకరైతే కట్టె తీసి ఊరుకుంటారు. మా నాయన వంగి అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమంది. ఎడమ మీసం పోయింది. మిగిలిన కుడి మీసాన్నే మెలేసి, "గ్యాసు! మన చెలమలో గ్యాసు పడిండాది!" అని కేకలు పెట్టాడు.

"గ్యాసు తాగుతామా ఏమయ్యా? పక్కకు జరుగు, నీళ్లన్నీ బురదైపోతాండాయి" అంది అమ్మ.

ఆయన వింటేగా! అర్జీ రాసుకుని పట్నం పోయాడు. వారంలో జీపులో ఒక ఆఫీసరు దిగాడు. నాయన మళ్లీ వెలిగించి చూపిన మంట చూసి నాలుగడుగులు వెనక్కి వేసి, నిపుణులు వచ్చేదాకా ఎవరూ అక్కడికి పోకూడదన్నాడు. చుట్టూ ముళ్లకంప వేయించాడు. కాపలాకు మనిషి కావాలి, జీతం మాత్రం ఉండదన్నాడు. జీతం లేని కొలువు మా నాయనను కాక ఇంకెవరిని వరిస్తుంది! కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు.

మరునాడు అమ్మ కడవ పట్టుకుని పోతే, కట్టుకున్న పెండ్లాన్ని కట్టె అడ్డం పెట్టి ఆపాడు.

"ఆగు. సర్కారు ఆర్డరు."

"నేను తవ్వుకున్న చెలమయ్యా ఇది!"

"ఇప్పుడిది దేశానిది."

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ గుట్ట బావి దారి పట్టింది. వెనక నేను. రోజుకు మూడు తడవలు. అమ్మకప్పుడు ఏడో నెల.

ఎట్టకేలకు నిపుణుడు వచ్చాడు. అప్పటికి తోడేవాళ్లు లేక చెలమ పూడిపోయి, అడుగున ఇంత బురద మిగిలింది. ఆయన దాన్ని పొడిచి, వాసన చూసి, "కుళ్లిన తుంగా నాచూ. ఏ చెరువు బురదలోనైనా ఈ గ్యాసు ఉంటుంది" అని నవ్వి, మా నాయన ఇప్పించిన కాఫీ తాగి జీపెక్కాడు.

నాయన కుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"దప్పికైతాంది, నీళ్లియ్యే" అన్నాడు.

కడవలు రెండూ ఖాళీ. అమ్మ కాళ్లు వాచిపోయి, గోడకానుకుని కూర్చుని ఉంది. లేవలేదు. నేనూ లేవలేదు. కాసేపు మా ఇద్దరి ముఖాలూ చూసి, ఆయనే కడవ తీసుకుని వెళ్లాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చాడు. కడవలో సగం నీళ్లు దారిలోనే తొణికిపోయాయి. దాన్ని దించి గుమ్మంలో కూలబడి, రొప్పుతూ, "ఇంత దూరం ఉండాదేమే ఆ బాయి?" అన్నాడు.

"నువ్వు కుర్చీలో కూచున్న నలభై దినాలూ ఇంతే దూరం ఉన్నింది" అంది అమ్మ.