ఎమ్మెల్యే ఎత్తిన చెయ్యి

హిందూపురం బజారులో, పదివేల మంది చూస్తుండగా, మూడు రాజధానులు తిరిగిన ఎమ్మెల్యేను నిలదీసి నోరు మూయించినవాణ్ణి నేను. ఈ మాట మనవళ్ళకు చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను, ఒకసారి పన్ను పీకుతున్న డాక్టరుకు కూడా చెప్పబోయాను. నమ్మనివాళ్ళు తక్కువ.

ఆయన పెనుకొండ వైపు పెద్ద రైతు. రాజధాని మద్రాసయితే మద్రాసుకు, కర్నూలయితే కర్నూలుకు, హైదరాబాదయితే హైదరాబాదుకు ఆయన పరుపుచుట్ట వెళ్ళేది. పంపింది మా ధర్మవరం మగ్గాలవాళ్ళ ఓట్లే. అక్కడ ఏం చేస్తాడో మాకు తెలియదు. వచ్చినప్పుడల్లా గొంతు పట్టుకుని, మీకోసం అరిచి అరిచి ఇట్లయిందప్పా అనేవాడు. మేము పాపమని మిరియాల కషాయం కాచి ఇచ్చేవాళ్ళం.

అరవైల మొదట్లో పట్టునూలు మీద పన్ను పడింది. మాకు నూలిచ్చి, చీర తీసుకుని, కూలి ఇచ్చే సావుకారు ఆ భారమంతా మా కూలిలో కోశాడు. పన్ను ఆపడానికి ప్రాణం పెట్టి పోరాడానని ఎమ్మెల్యే చెప్పాడు, నమ్మాం. ఎన్నికలు దగ్గరపడగానే సావుకారు చీరకు ఇంకో పావలా పట్టుకోసాగాడు. ఇదెందుకని నాయన అడిగితే ఎలక్షను ఖర్చన్నాడు. ఎమ్మెల్యే జీపు, పెట్రోలు, జెండాగుడ్డ, వెంట తిరిగేవాళ్ళకు మాంసం కూడు, అన్నీ సావుకారువే అని ఊరు మెచ్చుకునేది. నూలు లైసెన్సు ఇప్పించినవాడికి ఆయన చూపే విశ్వాసం అది. విశ్వాసం ఆయనది, పావలా మాది.

అప్పుడే సావుకారు పంపితే ఆయన నూలు మూటలు తేవడానికి హిందూపురం వెళ్ళాను. కాఫీ హోటల్లో ఒక నూలు దళారి కలిశాడు. పన్ను వద్దని అర్జీ పట్టుకుని హైదరాబాదు పోయి, అసెంబ్లీలో పైన గ్యాలరీలో కూర్చుని సభ చూసి వచ్చినవాడు. మా ఎమ్మెల్యే బాగా అరిచాడట కదా అన్నాను. ఆయన కాఫీ పక్కన పెట్టాడు.

"అరిచేదేమి వచ్చెనప్పా. కునుకు తీస్తా ఉండె. పన్ను కావాలనేవాళ్ళు చేతులెత్తండి అనంగానే లేచి మొదట ఎత్తింది ఆయప్పే. మీ దుడ్లతోనే గదా ఆ చెయ్యి బలిసింది."

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. మా ఇంట్లో రెండు మగ్గాలు, రెండింటి మీదా సావుకారు పడుగే. ఎదురు తిరిగితే నూలు ఆగుతుంది, నూలు ఆగితే పొయ్యి ఆగుతుంది. వీధిలో అందరి సంగతీ అదే. ఎదురింటి మేనత్త మాత్రం ఊరుకోలేదు. మొగుడు పోయినాక మాకు కండెలు చుట్టి ఇస్తూ కూతుర్ని పెంచుకుంటున్న మనిషి. దుడ్డు ఇచ్చేవాళ్ళకు అడిగే హక్కుండదా అని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ సరేననలేదు.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. పని రోజున పట్టపగలు మగ్గాలన్నీ ఒక్కసారి ఆగితే, వీధిలో ఎవరో పోయారని అర్థం. శవం లేచేదాకా, పడుగులో పేక పోగు అటూ ఇటూ మోసే నాడె కదలదు. పక్క వీధివాళ్ళు ఆ నిశ్శబ్దం విని, ఎవరని అడగడానికి వచ్చేవాళ్ళు.

ఎమ్మెల్యే జీపు మా వీధి మొగలో తిరగ్గానే మొదట మగ్గం గుంతలోంచి లేచింది నేను. నన్ను చూసి నాయన లేచాడు. ఒక్కో ఇల్లూ ఆగింది. జనం అరుగుల మీదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ఊళ్ళో ఆయన వస్తుంటే దున్నేవాళ్ళు మడకలు ఆపి గట్టెక్కి నిలబడతారు. ఇదీ అదే అనుకున్నాడు. మొహం విప్పారింది, రెండు చేతులూ జోడించి దిగాడు.

"పనులాపి మరీ నిలబడినారే. ఇంత మర్యాద ఎందుకప్పా నాకు."

"మర్యాద కాదు సామీ. మా వీధిలో సావయితేనే ఇట్ల ఆపుతాం."

"అయ్యో, ఎవురు పోయినారు?"

"మీకేసిన ఓటు. నూలు పన్నుకు చెయ్యెత్తినారంట గదా, ఆ పొద్దే పాయ. ఎత్తినారా లేదా, ఈడ చెప్పి కదలండి."

ఆయన జీపులో ఉన్న సావుకారు వైపు చూశాడు. సావుకారు ఆకాశం వైపు చూశాడు.

"పార్టీ ఎత్తమంటే ఎత్తల్ల గదా."

"మీ జీపుకు పెట్రోలు పార్టీ పోస్తాందా? మా పావలాలు పోస్తాండాయి."

ఆయన జోడించిన చేతులు దించి జీపెక్కాడు. వీధి ఇరుకు, జీపు తిరగలేదు. మొగ దాకా వెనక్కే పోయింది, మగ్గాలు ఆగే ఉన్నాయి.

సరే, ఒప్పుకుంటాను. అది హిందూపురం కాదు, పదివేల మందీ లేరు. ధర్మవరంలో మా ఒక్క వీధి. ఆ మాటలు నావి కావు, మేనత్తవి. నేను ఆమె వెనకాల నిలబడ్డాను. ధర్మవరమంటే మా వీధివాళ్ళెవరైనా పట్టేస్తారని ఊరు మార్చాను.

సావుకారు నూలు ఆపాడు. నెల దాటి రాగిసంకటి మీదా, అది లేనప్పుడు ఉత్త గంజి మీదా బతికాం. ఒక్క ఇల్లు కూడా పోయి ఆయన గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళ కాలానికి చీరలు కావలసి వచ్చి ఆయనే నూలు మోయించుకుని వచ్చాడు. పావలా మాట మళ్ళీ ఎత్తలేదు. ఎమ్మెల్యే పల్లెల ఓట్లతో ఆసారీ గెలిచాడు. గెలవనీ. చెయ్యి ఆయనదే, ఎక్కడైనా ఎత్తుకోనీ. ఎత్తిన చెయ్యికి లెక్క అడిగే వీధి ఒకటుందని తెలిసే ఎత్తాలి. ఈ వయసులో కూడా ఎవరు ఓటడగడానికి వచ్చినా నేను మొదట అడిగేది అదే, జీపెవరిదని.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె ఆ మేనత్త కూతురే, ఆ రోజు ఎదురరుగు మీద ఉన్న పిల్ల. చివరిదాకా విన్నది.

"నువ్వు మొదట లేచింది యాడ? వీధంతా ఆగినాంక గూడా నీ మగ్గం ఒకటే ఆడతాండె. నూలు నిలిచిపోతాదని మీ నాయన కంటే నీకే ఎక్కువ భయం. మాయమ్మ లోపలికొచ్చి నీ చేతిలో నాడె గుంజుకుంటే గదా అది ఆగింది."