మాచవరంలో ముస్కాన్ బడికి వెళ్లొచ్చాం

ఈ ప్రయాణానికి కారణం అసూయ. ఇంకో పేరు పెట్టి రాస్తే అబద్ధమవుతుంది. మా అమ్మాయి లాస్యకు తొమ్మిదేళ్లు. డౌన్ సిండ్రోమ్. నరసరావుపేటలో మాకు గాజుల కొట్టు ఉంది. ఆరేళ్ల కిందట లాస్యను మాటలు నేర్పే థెరపీకి తీసుకెళ్తున్నప్పుడు షహనాజ్ పరిచయమైంది. ఆమె కూతురు ముస్కాన్‌దీ అదే వయసు, అదే పరిస్థితి. అప్పట్లో మా లాస్యే కాస్త ముందుండేది. పైకి అనకపోయినా నాకది ధైర్యంగా ఉండేది. తర్వాత షహనాజ్ భర్త మాచవరంలో బైకుల మెకానిక్ షెడ్డు పెట్టుకుని కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లిపోయాడు. ఈ ప్రయాణానికి నెల ముందు ఆమె ఒక వీడియో పంపింది. బడి గోడ మీద రాసిన ఆ రోజు భోజనం పేర్లను ముస్కాన్ వేలు పెట్టి చదువుతోంది: "అన్నం. పప్పు. గుడ్డు." నేను చప్పట్ల బొమ్మ పంపి ఫోన్ బోర్లించాను. మా లాస్య మూడేళ్లుగా ప్రైవేటు బడిలో యూకేజీలోనే ఉంది. చివరి బెంచీలో కూర్చోబెడతారు, చాలాసార్లు నిద్రపోతూ ఉంటుంది.

బడి చూడ్డానికి వస్తామని షహనాజ్‌కు ఫోన్ చేసి, మంగళవారం పొద్దున ఏడు పదికి నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. నకరికల్లు మీదుగా గంటంపావు పట్టింది. పిడుగురాళ్లలో సున్నం బట్టీల తెల్లదుమ్ము చూసి లాస్య "పౌడర్" అంది. అక్కడ ఇడ్లీ తిని మాచవరం షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ముప్పై రూపాయలు. డ్రైవర్ అద్దంలో లాస్యను చూసి, "ముస్కాన్ వాళ్ల బడికా అమ్మా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"ఆ పిల్ల తెలియనోళ్లెవరు? రోజూ నాకు సలాం కొట్టి పోద్ది."

మా వీధిలో లాస్యను 'ఆ గాజులోళ్ల పిల్ల' అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా దారంతా ఆ డ్రైవర్ మీద కూడా నాకు కోపం వచ్చింది.

బడి గేటు దగ్గర షహనాజ్ ఎదురొచ్చింది. "అక్కా, చానా చిక్కిపోయావే" అని లాస్య చెయ్యి పట్టుకుంది. హెడ్మాస్టరు దగ్గర ముందే మాట తీసుకుని ఉంచింది. మూడో తరగతిలో ముస్కాన్ రెండో వరుసలో కూర్చుని ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల విద్యా వనరుల కేంద్రం నుంచి విజయ టీచర్ వారానికి రెండు రోజులు వస్తారట. మంగళవారం అందులో ఒకటి. ఒకసారికి ఒకే మాట చెబుతారు, బొమ్మ చూపిస్తారు, పిల్ల చేసేదాకా ఆగుతారు. అంతే. నేను మాత్రం లోపాలు వెతుకుతూ కూర్చున్నాను. ముస్కాన్ ముక్కు కారుతోందని గమనించాను, రాత వంకరగా ఉందని గమనించాను.

ఇంటర్వెల్లో ఎవరూ చూడట్లేదనుకుని మా కొట్టు సంచి తీసి, దాని మీద అక్షరాలు చూపించి, "ఇది చదువు ముస్కాన్" అన్నాను. ఆ పిల్ల సంచిని చూసింది, నన్ను చూసింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. కళ్లు నిండాయి. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. తొమ్మిదేళ్ల పిల్ల ఓడిపోతే సంతోషించాను.

షహనాజ్ వెనకే నిలబడి ఉంది. "ఆ మాటలు ఇంకా నేర్పలేదక్కా. వారానికి రెండో మూడో నేర్పుద్ది టీచరమ్మ" అంది మెల్లగా. కూతురి ముఖం కొంగుతో తుడిచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం వంట చేసే మార్తమ్మ లాస్య చేతికి కంచం ఇచ్చింది. తినిపిద్దామని నేను లేచాను.

"ఏందమ్మా, కూర్చో. దాని చెయ్యి దానికి లేదా?" అని గదమాయించింది.

సగం అన్నం నేల మీద పడింది. మిగతా సగం మా లాస్య తన చేత్తో తిన్నది. ఇంట్లో నేను తినిపిస్తే తప్ప నోరు తెరవని పిల్ల! మార్తమ్మ మీద కూడా అసూయ పడ్డాను. ఇక ఆపుకోలేక వరండాలో షహనాజ్‌తో చెప్పేశాను. "నేను చూడ్డానికి రాలేదు. నీ వీడియో అబద్ధమైతే బాగుండునని వచ్చాను."

"ముస్కాన్‌ను ఏడిపించావుగా, అది నాకు నొప్పేసింది" అంది షహనాజ్. తర్వాత వరండా మూల చూపించింది. "మొదట్లో ఈ పిల్లను చేర్చుకోం అన్నారక్కా. రెండేళ్లు రోజూ ఇక్కడే కూర్చున్నా. బాత్రూముకు నేనే తీసుకుపోయేదాన్ని. నువ్వు కూర్చుంటావా మరి?"

నేను ఫీజు కట్టి, గేటు దగ్గర వదిలి, కొట్టుకు వెళ్లిపోయేదాన్ని. వెళ్లేముందు ముస్కాన్ దగ్గర కూర్చుని, "నేను చేసింది తప్పు నాన్నా" అన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు, నా గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడున్నరకు బయలుదేరి ఆరింటికి నరసరావుపేటలో దిగాం.

పదిహేను రోజుల తర్వాత లాస్యను మా పేటలోని ప్రభుత్వ బడిలో చేర్చాం. పొద్దున కొట్టు మా ఆయన చూసుకుంటున్నాడు, నేను మధ్యాహ్నం దాకా బడి వరండాలో కూర్చుంటున్నాను. ఇప్పటికి లాస్య తన చెప్పులు తానే వేసుకుంటోంది, అదీ ఎడమా కుడీ తారుమారుగా. అసూయ పోయిందా అంటే పోలేదు. షహనాజ్ వీడియో పంపిన ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది. కాకపోతే ఇప్పుడు ఆమెకు ఫోన్ చేసి, "ఇదెట్లా నేర్పావో చెప్పు" అని అడుగుతున్నాను.

ఇలాంటి బడి చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ప్రత్యేక టీచర్ ఏ రోజుల్లో వస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి, భోజనాలయ్యేదాకా ఉండండి. మీ పిల్ల కంచం పట్టుకున్నప్పుడు మీరు లేవకండి.