మా అత్త తెచ్చిన కుక్క, నేనాడిన అబద్ధం

నా చిన్నప్పుడు మేం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో ఉండేవాళ్లం. మా నాన్న పోర్టులో కూలీ. ఆయన అక్క, అంటే మా అత్త, అక్కడే క్యాంటీన్‌లో వంట చేసేది. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఒక సాయంత్రం ఆవిడ ఒక కుంటి కుక్కని తాడు కట్టి నడిపించుకుంటూ వచ్చింది. పోర్టు యార్డులో కాపలావాళ్లు కొట్టి కొట్టి దాని కాలు విరగ్గొట్టారట. చూస్తూ వదిలేసి రాలేకపోయింది.

అంత ప్రేమ గల జంతువును నేను మళ్లీ చూడలేదు. మనం కూర్చుంటే చాలు, వచ్చి ఒళ్లో తల పెట్టేది. పోర్టులో పెట్టుకునే హెల్మెట్ కనిపిస్తే మాత్రం దానికి పూనకమే. అది పెట్టుకున్న ప్రతివాడూ తనని కొట్టిన కాపలావాడే అనుకునేది. అందుకని అత్త సందులో మగవాళ్లందరికీ ఒక షరతు పెట్టింది. డ్యూటీ దిగి వచ్చేవాళ్లు మలుపు దగ్గరే హెల్మెట్ తీసి సంచిలో వేసుకోవాలి.

"ఏటప్పా, నీ కుక్కకి మేం దండాలు కూడా ఎట్టాలేటి?" అని వాళ్లు వెక్కిరించేవారు. వెక్కిరిస్తూనే తీసేవారు. అందరూ ఆవిడ చేతి టీ తాగినవాళ్లే కదా.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఒళ్లంతా అల్లరి. ఓ ఆదివారం, నన్నయినా గుర్తుపడుతుందేమో చూద్దామని, నాన్న హెల్మెట్ నెత్తిన పెట్టుకుని దాని ముందు నిలబడ్డాను. అది తాడు తెంపుకుని వచ్చి నా చెయ్యి కరిచేసింది. నేను కిందపడ్డాను, హెల్మెట్ ఊడి దొర్లిపోయింది. నా మొహం కనపడగానే వదిలేసి, నేలకి అంటుకుపోయి, మూలుగుతూ నా పాదాలు నాకడం మొదలుపెట్టింది.

అందరికంటే ముందు అత్త వచ్చింది. హెల్మెట్ చూసి, కాలితో మంచం కిందకి తోసేసింది. వెనకే నాన్నా, సందులోవాళ్లూ వచ్చారు.

"ఏటి సేసేవే దాన్ని?" అని నాన్న గద్దించాడు.

నాన్న చెయ్యి ఎలా పడుతుందో నాకు బాగా తెలుసు. "ఏటీ సెయ్నేదు. ఊరికినే కరిసేసింది" అన్నాను. అత్త నా వైపు ఒక్కసారి చూసి, దాని మెడలో మిగిలిన తాడు సందులోవాళ్ల చేతికిచ్చింది. వాళ్లు దాన్ని పట్టాల అవతలికి తీసుకెళ్లారు. ఎవరి నెత్తినా హెల్మెట్ లేదు కదా, తోకాడించుకుంటూ వెళ్లింది. వాళ్లు మాత్రమే తిరిగొచ్చారు.

నాకు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పడ్డాయి. కుక్క బతికుంటే పది రోజులు చూసి మధ్యలోనే ఆపేసేవాణ్ణన్నాడు డాక్టరు. అత్త రోజూ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఆఖరి రోజు తిరిగి వస్తూ దారిలో నేనే ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"తెల్సే. నాను సూసేను కదా" అంది. "మీ నాన్న సెయ్యి ఎలాటిదో నాకు తెల్దేటి? నీ తోలు వలిసీసేవోడు. అందుకే దాన్నిచ్చేసేను." కొంతదూరం నడిచాక, "తప్పే సేసేను. నాను మజ్జిలో నిలబడాల్సింది" అంది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను అమ్మమ్మను. తప్పు చేసి వచ్చి చెప్పిన ఏ పిల్ల మీదా మా ఇంట్లో ఇంతవరకూ చెయ్యి పడలేదు. లేస్తే నేనే మధ్యలో నిలబడ్డాను. పిల్లల్ని చెడగొడుతున్నానని మా అల్లుడి గొణుగుడు. గొణగనీ. నేను భయపడి అబద్ధమాడినందుకు ఒక ప్రాణం పోయింది. మా పిల్లలకి ఆ భయం తెలియకూడదు.