వెనక దరువు

తెనాలి నుంచి రేపల్లె దాకా ఈ నలభై రెండేళ్ళలో అంద్రెయ సాక్సాఫోను మోగని పెళ్ళి లేదంటే అబద్ధమవుతుంది. రెండు ఉన్నాయి. ఒకటి అతని సొంత పెళ్ళి. పెళ్ళికొడుకు చేతిలో ఉంగరం తప్ప మరేమీ ఉండకూడదని ఫాదర్‌గారు పట్టుబట్టారు. రెండోది అతని డ్రమ్మరు హనుమయ్య పెళ్ళి. ఆ అమ్మాయి వాళ్ళ ఇంట్లో తెలియకుండా చేసుకున్న పెళ్ళికి బ్యాండు పెడితే బాగుండదని మానేశారు.

మిగతా అన్ని పెళ్ళిళ్ళలోనూ ముందు అంద్రెయ, వెనక హనుమయ్య. బ్యాండు మేళంలో అదొక కట్టుబాటు. సాక్సు మాస్టరు వెనక్కి తిరిగి చూడకూడదు. ముందు గొయ్యి ఉందా, గేదె ఉందా, తాగి ఎగిరే మేనమామ ఉన్నాడా అని చూసుకోవడమే అతని పని. మిగతాది వెనక దరువు చెబుతుంది. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడితే మలుపు తిరగాలి. మూడు పడితే ఆపాలి. అంద్రెయకు వీపు మీద చెవులు మొలిచాయని హనుమయ్య అందరికీ చెప్పేవాడు. చొక్కా విప్పి చూపించమన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఇన్ని పెళ్ళిళ్ళు వాయించినా అంద్రెయకు ఒక్క కోరిక తీరలేదు. జనం అతని పాట నడుస్తూ విన్నారు, తింటూ విన్నారు, అప్పడం వడ్డించలేదని పోట్లాడుకుంటూ విన్నారు. కుర్చీలో కూర్చుని, నోరు మూసుకుని, చివరి దాకా విన్నవాడు ఒక్కడూ లేడు.

జాజ్ అతనికి కాన్వెంటులో అంటుకుంది. చదువుకునే రోజుల్లో ఒక ముసలి సిస్టర్ దగ్గర గ్రామఫోను రికార్డుల పెట్టె ఉండేది. అన్నీ ప్రార్థనా గీతాలే. ఒకరోజు అట్ట మీద దేవుడి పేరున్న రికార్డు పెడితే లోపలినుంచి బాకా, డోలు, ఎవరో పగలబడి నవ్వినట్టు పియానో వినిపించాయి. సిస్టర్ శిలువ గీసుకుని, ‘‘అంద్రెయా, ఇది తీసుకెళ్ళి కాలవలో పారెయ్’’ అంది. పిల్లవాడు కాలవ దాకా వెళ్ళిన మాట నిజం. నిక్కరు తడుపుకుని వచ్చిన మాటా నిజమే. రికార్డు మాత్రం ఇంట్లో బియ్యం డబ్బాలోకి చేరింది.

ఎనిమిదేళ్ళ కిందట తెనాలిలో, దుగ్గిరాల వెళ్ళే రోడ్డు మీద, కాలవ పక్క మేడపై వరికంకి రేడియో అని ఒక చిన్న కమ్యూనిటీ రేడియో పెట్టారు. పసుపు ధరలు, పశువుల డాక్టరు సలహాలు, ఆడవాళ్ళ దంపుళ్ళ పాటలు వచ్చేవి. శనివారం సాయంత్రం అయిదింటికి ఎవరూ ఒప్పుకోని గంట ఒకటి మిగిలిపోతే అంద్రెయ అడిగి తీసుకున్నాడు. దాని పేరు ‘శనివారం జాజ్’. అరగంట రికార్డులు, అరగంట తన సాక్సు. మూల స్టూలు మీద హనుమయ్య డ్రమ్ము పెట్టుకుని కూర్చునేవాడు.

‘‘నమస్కారం. నేను మీ అంద్రెయ’’ అని మొదలుపెట్టేవాడు. ‘‘జాజ్ అంటే ఏమీ లేదండీ. మన రేపల్లె పాసింజరు. ఎక్కడ ఆగుతుందో డ్రైవరుకే తెలీదు, ఎందుకాగిందో గార్డుకీ తెలీదు. చివరికి రేపల్లె మాత్రం చేరుతుంది. ఇక వినండి.’’

రికార్డుకూ రికార్డుకూ మధ్య కథలు చెప్పేవాడు. అన్నిట్లోకీ పేరు పడ్డది గేదె కథ. వాళ్ళ తాత సాక్సు మౌత్‌పీసు కడిగి గడ్డివాము మీద ఎండబెడితే గేదె మింగేసిందట. అది మొదలు ఆ గేదె ‘అంబా’ అనడం మానేసి, సుతారంగా సాగదీసి, ఒక గమకం వేసి మరీ అరిచేదట. తాత ఏడాదిపాటు దాని ముందు కూర్చుని నేర్చుకున్నదే వాళ్ళింటి జాజ్ అట. ఆ ఏడాది పాలు కూడా తాళం ప్రకారం పొంగేవట. దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ములకు కాపలా ఉండే నరసింహం ఒకసారి స్టేషనుకు ఫోన్ చేశాడు. ‘‘మీ పాట మొదలవగానే కోతులు పారిపోతున్నాయండీ. ఇంకో అరగంట పొడిగించరా?’’ అన్నాడు. అంద్రెయ దాన్ని మెప్పు కిందే జమకట్టాడు.

కిందటి మాఘంలో ఒక శనివారం స్టేషను చూసుకునే శ్రీవిద్య స్టూడియోలోకి పరిగెత్తుకు వచ్చింది.

‘‘మాస్టారూ, బాపట్లలో హాలు దొరికింది. నెలాఖరు ఆదివారం సాయంత్రం. మన రేడియో తరఫున జాజ్ కచేరీ. హైదరాబాదు నుంచి పియానో వాయించేవాళ్ళొస్తారు. మధ్యలో ముప్పావు గంట మీది. ఫోన్లలో కూడా వచ్చేలా లైవ్ ఇస్తాం. రెండొందల కుర్చీలు వేయిస్తున్నాను.’’

‘‘కుర్చీలా?’’ అన్నాడు అంద్రెయ.

‘‘కుర్చీలేనండి.’’

‘‘చేతులున్నవా, లేనివా?’’

‘‘ఉన్నవేనండి.’’

‘‘అయితే లేచిపోవడం కష్టం. బాగుందమ్మా.’’

ఆ వారమంతా అతను కూర్చుని ‘రేపల్లె పాసింజరు’ అనే సొంత పాట కట్టాడు. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. మరుసటి శనివారం హనుమయ్య తల వంచుకుని వచ్చాడు.

‘‘తప్పయిపోయింది బావా. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో పెళ్ళి ఉంది. పోయిన నెల్లోనే తాంబూలం పుచ్చుకున్నాను. తారీకు బుర్రలోంచి జారిపోయింది. సరిగ్గా ఆ ఆదివారమే.’’

అంద్రెయ చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాడు. పెళ్ళిళ్ళు మాట్లాడేది మొదటినుంచీ హనుమయ్యే. ‘‘ఎవరి పేరున పుచ్చుకున్నావు?’’

‘‘నీ పేరునే. ఎప్పుడైనా ఇంకెవరి పేరునైనా పుచ్చుకున్నానా?’’

‘‘వేరే బ్యాండును పంపితే?’’

‘‘అడిగాను బావా. మాస్టరు రాకపోతే కుదరదన్నారు.’’

మాస్టరు పేరున తాంబూలం పుచ్చుకుంటే మాస్టరు వెళ్ళి తీరాలి. అది తండ్రుల నాటి మాట. అంద్రెయ తండ్రి తాంబూలం పుచ్చుకున్న రోజునే కన్నుమూస్తే, పెట్టెలోంచి లేచి వెళ్ళి, పెళ్ళి వాయించి వచ్చి, మళ్ళీ పడుకున్నాడని చెప్పుకుంటారు. చెప్పింది అంద్రెయే కాబట్టి అందులో సగం తీసేయాలి. మిగిలిన సగం చాలు.

‘‘శ్రీవిద్యమ్మకు నేను చెబుతాలే’’ అన్నాడు హనుమయ్య. ‘‘నువ్వు చెబితే గొంతు పూడుకుపోద్ది.’’

ఆ మాటకు అంద్రెయ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత కనిపెట్టి ఉండే మనిషి అనుకున్నాడు.

ఆదివారం పొద్దున హనుమయ్య ఫోన్ చేశాడు. మోకాలు వాచిందనీ, తన బదులు రేపల్లె నుంచి ఒక డ్రమ్మరు వస్తాడనీ చెప్పాడు. అంద్రెయ ఒక్కడే నగరం బస్సెక్కాడు.

సాయంత్రం పెళ్ళికొడుకు వాళ్ళను తీసుకురావడానికి మేళం బయలుదేరే ముందు, పందిట్లో ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. పెళ్ళికూతురి నాయనమ్మ వెంకటరమణమ్మ. అంద్రెయను చూసి కళ్ళజోడు సర్దుకుంది.

‘‘ఏమండీ, శనివారం అంద్రెయగారు మీరే కదూ?’’

‘‘నేనేనమ్మా.’’

‘‘శనివారం అయిదింటికి మా ఇంట్లో సీరియలు పెట్టనివ్వను తెలుసా? కోడళ్ళు నన్ను తిట్టుకుంటారు. అవునూ, మీరిక్కడుంటే బాపట్లలో మీ గేదె కథ చెబుతున్నదెవరండీ?’’

ఫోను అతని చేతికిచ్చింది. అంద్రెయ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

‘‘...మా తాత మౌత్‌పీసు కడిగి గడ్డివాము మీద ఎండబెట్టాడండి’’ అంటోంది హనుమయ్య గొంతు. ‘‘మా గేదె చూసింది. గుటుక్కుమనిపించింది.’’

హాలంతా నవ్వింది. కూర్చున్నవాళ్ళ నవ్వు నడిచేవాళ్ళ నవ్వులా ఉండదు. అది ఒక్కసారిగా లేచి, అంతా కలిసి, ఆగమన్నచోట ఆగుతుంది. అలాంటి నవ్వు అంద్రెయ ఎన్నడూ వినలేదు. ఆ వెంటనే డ్రమ్ము మొదలైంది. వాచిన మోకాలితో వాయించే దరువు కాదది.

‘‘అమ్మా, మాకు తాంబూలం ఎప్పుడిచ్చారు?’’

‘‘ఎప్పుడో ఏంటండీ, రెండు వారాలన్నా కాలేదు. మొన్న కాదు, అంతకు ముందు గురువారం. మా వాళ్ళు డీజే చాలన్నారు. మీ హనుమయ్యగారే ఇంటికొచ్చి, మాస్టారి పేరున తాంబూలం ఇప్పించండి, ఆయనే వస్తారు అని గంటసేపు కూర్చున్నాడు. మీ పేరు వినేసరికి నేనే పట్టుబట్టి ఇప్పించాను.’’ ఆవిడ సంబరంగా నవ్వింది. ‘‘మంచి పని చేశానా, లేదా?’’

గురువారం. శ్రీవిద్య కుర్చీల మాట చెప్పిన శనివారం తర్వాత వచ్చిన గురువారం.

‘‘మంచి పనే చేశారమ్మా’’ అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

‘‘మాస్టారూ, పెళ్ళికొడుకు కారు దిగాడు, ఎత్తుకోండి!’’ అని ఎవరో కేకవేశారు. అంద్రెయ ఎత్తుకున్నాడు. వాళ్ళు అడిగిన పాటలన్నీ వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. కానీ సందు మలుపు దగ్గర, నలభై రెండేళ్ళలో మొదటిసారి, వెనక్కి తిరిగి చూశాడు.

రేపల్లె డ్రమ్మరు హడలిపోయాడు. ‘‘ఏంటి మాస్టారూ, తప్పు కొట్టానా?’’

‘‘లేదయ్యా’’ అన్నాడు అంద్రెయ. ‘‘నువ్వేం తప్పు చెయ్యలేదు.’’

తర్వాతి శనివారం అతను వెళ్ళేసరికి హనుమయ్య అప్పటికే మూల స్టూలు మీద ఉన్నాడు. డ్రమ్ము తోలు బిగిస్తూ తల ఎత్తలేదు.

‘‘మోకాలు తగ్గిందా?’’

‘‘తగ్గింది బావా.’’

‘‘గేదె కులాసాయేనా?’’

హనుమయ్య చేతులు ఆగిపోయాయి. ‘‘విన్నావన్నమాట’’ అన్నాడు.

‘‘ఎందుకు చేశావు?’’

‘‘ఎనిమిదేళ్ళు బావా. నాలుగొందల శనివారాలు. నేను మీ అంద్రెయ, నేను మీ అంద్రెయ. ఈ మూల స్టూలు మీదున్నది మనిషో, ఫ్యానో ఎవరికన్నా తెలుసా? ‘రేడియో అని చెప్పి ఎక్కడ పేకాడుతున్నావ్?’ అని మా ఆవిడే అడిగింది. నా పేరు ఒక్కసారన్నా చెప్పావా నువ్వు?’’

‘‘అడిగితే చెప్పనా?’’

‘‘అడుక్కుని చెప్పించుకుంటే అదేం పేరు?’’

అంద్రెయ పెట్టె తెరిచి సాక్సు బయటికి తీశాడు. నిజంగానే చెప్పలేదు. దాచి పెట్టాలని కాదు, తోచక. తన చెయ్యి పేరు ఎవరైనా చెప్పుకుంటారా అన్నట్టుండేది అతనికి.

‘‘ఈ మాట అప్పుడే అని నన్ను తిట్టి ఉంటే, కాళ్ళు పట్టుకునేవాణ్ణి’’ అన్నాడు. ‘‘ఆ కుర్చీలంటే నాకేంటో నీకొక్కడికే తెలుసు. తెలిసి, దాన్నే తీశావు. తాంబూలానికి కట్టుబడతానని కూడా తెలుసు. నా మాట మీదున్న నమ్మకంతోనే నన్ను కట్టేశావు. నలభై రెండేళ్ళు నీకు వీపిచ్చి నడిచాను హనుమయ్యా.’’

బావా అనలేదు. అది ఇద్దరికీ వినిపించింది.

‘‘నాకూ ఒక్క సాయంత్రమే కావాల్సొచ్చింది’’ అన్నాడు హనుమయ్య, నేల చూస్తూ.

అద్దం అవతల శ్రీవిద్య చెయ్యి ఎత్తింది. పెళ్ళి మేళం ఉండి అంద్రెయ కచేరీకి రాలేకపోయాడని, అతని బదులు హనుమయ్య ఎక్కాడని మాత్రమే ఆమెకు తెలుసు, అంతకు మించి తెలియదు. ఎర్రదీపం వెలిగింది.

‘‘నమస్కారం’’ అన్నాడు అంద్రెయ. ‘‘ఇది శనివారం జాజ్. ఇక్కడ డ్రమ్ము వాయించే ఆయన పేరు హనుమయ్య. మొదటి రోజునుంచీ ఆయనే. ఈ మాట ఎనిమిదేళ్ళ కిందటే చెప్పవలసింది, చెప్పలేదు. ఇక వినండి.’’

సాక్సును పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు. రెండు కొక్కేలు టక్కు టక్కుమన్న చప్పుడు తెనాలంతా వినిపించింది. శ్రీవిద్య లేచి నిలబడింది. హనుమయ్య పుల్లలు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. అంద్రెయ పెట్టె తీసుకుని, తలుపు మెల్లగా దగ్గరకు వేసి, మెట్లు దిగాడు.

కింద భువనేశ్వరి టీ కొట్లో రేడియో ఉంది. అందులోంచి ఏమీ రావడం లేదు. ‘‘ఏంటి అంద్రెయ అన్నయ్యా, మీ రేడియో మూగబోయింది?’’ అని గరిటె పట్టుకునే అడిగింది భువనేశ్వరి. ‘‘వస్తుందమ్మా, ఉండు’’ అని అతను బస్టాపు వైపు నడిచాడు.

కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి వెనక టీ కొట్టు రేడియోలో డ్రమ్ము మొదలైంది. ముందు తడబడింది, తర్వాత కుదురుకుంది. పెళ్ళి ఊరేగింపు దరువు. సాక్సు లేకుండా ఒక్కటే. అంద్రెయ కాళ్ళు అతన్ని అడగకుండానే ఆ దరువుకు పడడం మొదలుపెట్టాయి. అయిదారు అడుగులు వేశాక గాని తెలియలేదు. ఆగిపోయాడు.

వెనకనుంచి రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడ్డాయి. కాస్త ఆగి మళ్ళీ రెండు. తిరగమని.

అంద్రెయ పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. దరువుకు కలవకుండా, అడుగు పొట్టిగా, అడుగు పొడుగ్గా వేస్తూ తిన్నగా వంతెన దాటి వెళ్ళిపోయాడు.