గమ్ము పూయకముందే: ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఒక పూట

ఆ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాగే మొదలైంది. వాకిలి కడిగి ముగ్గేశాను. దీపం పెట్టి, పొయ్యి మీది పాలు చూసుకుంటూనే నామాలు చదువుకున్నాను. నాయన కొట్టుకు వెళ్లేముందు అరుగు మీద పేపరు పట్టుకున్నారు. చెల్లెలు సరళ మాత్రం కాఫీ ముట్టకుండా కూర్చుంది. తను ఆళ్లగడ్డలో కంప్యూటర్ టీచరు. చదివేవాళ్లే కథను నడిపించే ఆటలు కంప్యూటర్లో ఎలా తయారుచేయాలో పిల్లలకు చెబుతూ ఏళ్ల తరబడి కూర్చుని ఒక పుస్తకం రాసింది. అందులో నమూనాకు మా ఊరి శిల్పి కథ ఒకటి ఉంది. అతను ఏ రాయి తీసుకోవాలో మనమే తేల్చి, చెప్పిన పేజీకి వెళ్లాలి. పుస్తకాలు నంద్యాలలో బైండింగుకు ఇచ్చి ఉన్నాయి. మర్నాడే చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం. వాళ్లకు నచ్చితే పుస్తకం తరగతుల్లోకి వెళుతుంది, లేకపోతే మా అటక మీదికి. తేవడానికి వెళదామంటే సరళకు ఆ పూట పరీక్షల డ్యూటీ పడింది. "నేను పోయొస్తాలే" అన్నాను.

నంద్యాలకు బస్సులు తరచుగా ఉంటాయి. ప్రయాణం గంట, కాస్త అటూ ఇటూ. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కండక్టరు నా ఖాళీ సంచులు చూసి, "పెండ్లి సామాన్లకా అక్కా?" అన్నాడు.

"పుస్తకాలకు."

"అయితే వచ్చేటప్పుడు ముందర కూచో. ఎనక సీట్లో మనుషులే ఎగురుతాండారు."

బస్టాండు నుంచి ప్రెస్సుకు ఆటోలో వెళ్లాను. యజమాని రామసుబ్బయ్య ఎక్కువగా పెళ్లి పత్రికలు వేస్తారు. "ఒకటి అయింది, చూస్తా ఉండు. మిగతాయి మధ్యాన్నానికి" అని ఒక కాపీ చేతికిచ్చారు. పక్క సందులో ఉగ్గాని బజ్జీ తింటూ శిల్పి కథ తెరిచాను. నల్లరాయి ఎంచుకున్నాను. ముప్పై ఒకటో పేజీకి వెళ్లమంది. ముప్పై తర్వాత ముప్పై మూడు ఉంది. మళ్లీ తిప్పాను. అంతే. రేపు టీచర్లు మొదటి మలుపులోనే పుస్తకం మూసేస్తారు. స్వామీ అనుకుని లేచాను.

"ఏందక్కా, ఉప్పు తక్కువైందా?" అంది హోటలామె.

"లేదమ్మా, పేజీ తక్కువైంది."

ప్రెస్సులో రామసుబ్బయ్య నింపాదిగా విన్నారు. "యాడికి పోతాదమ్మా పేజీ? కడాకు పెట్టినా." నిజమే, శిల్పం చక్కగా పూర్తయ్యే ఆ ఆకు అట్టకు ముందు ఉంది. "నీ చెల్లెలు చివర ఏం పెట్టిందో చూసినావా? రాయి పగిలిందంట. కథను ఆడ ఆపుతారా ఎవరన్నా? అందుకే మంచిది తెచ్చి చివర చేర్చినా."

కోపం రాలేదు. పారాయణం దుఃఖఘట్టం దగ్గర నేనూ ఆపను. ఎంత పొద్దుపోయినా శుభం దాకా చదివే మూస్తాను.

"అన్నా, ఇది వరసగా చదివేది కాదు. నువ్వే ఒక రాయి ఎంచుకో."

కళ్లద్దాలు పెట్టుకున్నారు. నల్లరాయే ఎంచారు. వేలు తడుపుకుంటూ తిప్పి, ఆగారు. "ముప్పై ఒకటి లేదే."

"తీసింది నువ్వే గదా."

అట్టలు మడుస్తున్న ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతా కాపీలకూ అప్పటికే గమ్ము పూసేసి ఉంటే? ఆయనే చెప్పారు: "పొద్దున్నుంచి కరెంటు లేదమ్మా. నీకిచ్చింది నిన్న చేసింది. గమ్ము మిషను చల్లగానే ఉండాది. అన్నీ విడి ఆకులే." గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. కరెంటు పోయినందుకు దేవుడికి దండం పెట్టుకోవడం అదే మొదలు.

ముగ్గురం చాప మీద కూర్చుని ప్రతి కాపీలో ఆ ఆకును దాని చోటికి చేర్చాం. గమ్ము పూసిన ఒక్క కాపీని ఆయనే విప్పారు. కరెంటు వచ్చింది. అయినా ఆయన మనసు ఒప్పుకోలేదు. పత్రికల మీద వేసే 'శుభం' ముద్ర తీసి, "చివర తెల్లకాయితం మీద కొట్టేదా?" అన్నారు.

"కొట్టన్నా."

సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో సరళ ఎదురొచ్చింది. జరిగింది చెప్పాను. తను బెంచీ మీదే కట్ట విప్పి, ముప్పై ఒకటో పేజీ తెరిచింది. "ఉండాది" అంది. తర్వాత ముద్ర చూసి, ఒకటే నవ్వు.

తెర మీద తాకగానే దారి దానంతట అదే తెరుచుకుంటుంది. కాగితం మీద ఆ దారి ఎన్నో చేతులు దాటి రావాలి. ఆ చేతులు మంచి మనసుతోనే దారి మార్చవచ్చు. కాబట్టి ఇలాంటి పుస్తకం అచ్చుకు ఇచ్చేవాళ్లకు ఒక మాట: మొదటి కాపీ బైండరుతోనే ఆడించండి, గమ్ము పూయకముందే.

భోజనాల ముందు నాయన పుస్తకం తీసుకున్నారు. రాయి పగిలింది. మొదటికి తిప్పి ఇంకో రాయి ఎంచుకున్నారు. మళ్లీ పగిలింది. రేపు కొట్టు పొద్దున తెరవడం లేదని, సమావేశానికి అందరం వెళుతున్నామని అప్పుడే తేల్చారు. సరళ ఆ మాట విని, ఆకలేస్తోందని అన్నం పెట్టమంది.