ఏడో ముక్క దగ్గర సున్నా

ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలు. రెండు వందల ఆంపియర్లు. రాగి వలయానికీ మా టెక్నీషియన్ ముఖానికీ మధ్య తొంభై సెంటీమీటర్లు. జగిత్యాలలోని మా ప్రయోగశాలలో అయస్కాంతం ఆ వలయం మీద విద్యుత్ ఆర్క్‌ను, అంటే వెల్డింగ్‌లో కనిపించే మెరుపునే, గుండ్రంగా పరుగెత్తిస్తోంది. వలయాన్ని పన్నెండు ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత విద్యుత్తు పారుతుందో కొలుస్తున్నాం.

మా టెక్నీషియన్ కోరుట్ల మనిషి. ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో వెల్డింగ్ చేసి వచ్చాడు. మెరుపు ఎక్కడ పడుతుందో చూడటానికి బొటనవేలితో మాస్కు కొద్దిగా ఎత్తే అలవాటు అతనికి అక్కడే అయింది.

"సారూ, మెరుపు ఏడో ముక్క కాడ్నే నిలవడ్తాంది," అన్నాడు.

"మీటరు అక్కడ సున్నా చూపిస్తోంది, అన్నా."

"గట్లయితే మీ మీటరు పండుకున్నట్టుంది. నా కండ్లు అబద్ధం చెప్తయా?"

"అయితే ఇంకోసారి చూసి చెప్పు," అన్నాను నవ్వుతూ.

బొటనవేలు లేచింది. అదే క్షణంలో ఏడో ముక్క కరిగి చిమ్మింది.

తర్వాత విప్పి చూస్తే, ఆ ముక్క నుంచి మీటరుకు వెళ్లే సన్నని తీగ ఊడి ఉంది. దాన్ని అతికించింది నేనే. ఆసుపత్రిలో అతను అడిగింది ఒక్కటే.

"ఏడు కాడ్నే కదా, సారూ?"

"అవునన్నా."

నష్టం: రాగి ముక్క ఒకటి, తీగ అతుకు ఒకటి, అతని కుడి కన్ను.